పనమ్మ కొత్త బ్యాచ్

ఉపాధి శిక్షణ కేంద్రంలో ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. వెల్డింగు కుర్రాళ్ళు పెట్టారని కుట్టు విభాగం వాళ్ళూ, కుట్టు విభాగం వాళ్ళే పెట్టారని వెల్డింగు కుర్రాళ్ళూ చెప్పేవారు. మొదటిసారి ఆ మాట చెవిన పడ్డప్పుడు ఆమె మనసు చివుక్కుమంది. పనమ్మాయిని పిలిచినట్టు వినిపించింది. ఇంటికెళ్ళి భర్తతో చెప్తే ఆయన పకపకా నవ్వాడు.

"పని ఇప్పించే అమ్మ పనమ్మ. ఇందులో తప్పేముంది? నన్ను మా పోస్టాఫీసులో జిగురాయన అంటారు. నేనెవరితో చెప్పుకోవాలి?"

రాను రాను ఆ పేరు ఆమెకే అలవాటైపోయింది. జీతం కాగితం మీద తప్ప అసలు పేరు ఇంకెక్కడా కనిపించకుండా పోయింది.

పనమ్మ ఆ కేంద్రానికి కుట్టుమిషన్ టీచరుగా వచ్చింది, అదీ తాత్కాలికంగా. అది నగరపాలక సంస్థ వారి పాత గోడౌను. పైన రేకులు, కింద సిమెంటు నేల. మధ్యలో ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి విభాగాలు చేశారు. ఒక పక్క వెల్డింగు మెరుపులు, ఇంకో పక్క మిషన్ల టకటక, ఆ రెండింటి మధ్య ఎవరో ఒకరు గొంతు చించుకుని పాఠం చెప్పడం. పైవాళ్ళు ఒక్కొక్కరే బదిలీల మీద వెళ్ళిపోతుంటే, ఎక్కడికీ వెళ్ళని మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. చివరికి కేంద్రం మొత్తం ఆమె నెత్తిన పడింది. "తెలివైనవాళ్ళంతా తప్పించుకున్నారు, నేను దొరికిపోయాను" అనేది నవ్వుతూ.

పొద్దున్నే వచ్చి తన గది తాళం కూడా తీయకుండా షెడ్లన్నీ ఒక చుట్టు చుట్టివచ్చేది. ఏం నేర్చుకున్నారని అడిగేది కాదు. "నిన్న ఏం పాడుచేశావ్ రా?" అని అడిగేది. కొత్తవాళ్ళు బిక్కమొహం వేసేవారు. పాతవాళ్ళు మాత్రం వంకరగా అతికిన ఇనుప కడ్డీనో, అడ్డదిడ్డంగా కుట్టిన కాలరునో తెచ్చి చూపించేవారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడే పాడుచెయ్యండి. దానికోసమే ఈ ఇనుమూ గుడ్డా కొన్నది. బయట పాడుచేస్తే ఎవరూ ఊరుకోరు" అనేది.

ఇంకో పట్టుదల కూడా ఉండేది ఆమెకు. ఏదైనా కొత్త కోర్సు పెట్టాలంటే, ముందు ఆ పని జరిగే చోటికి తనే వెళ్ళి ఒక రోజంతా కూర్చుని చూసి రావాల్సిందే. ఆమెకు ముందున్న పెద్దమనిషి రేడియో రిపేరు క్లాసు నడిపించాడు. బాగానే నడిపించాడు. కాకపోతే అప్పటికి ఊళ్ళో ఎవరూ రేడియో బాగుచేయించుకోవడం మానేశారు. నేర్చుకున్నవాళ్ళు చేతిలో సర్టిఫికెట్టుతో ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు చాలా రోజులు గేటు దగ్గరికి వచ్చి, "ఏమైనా ఉందా మేడమ్?" అని అడిగి వెళ్ళేవాడు. అతని మొహం ఆమె మర్చిపోలేదు.

అలా నడుస్తున్న రోజుల్లో బల్బుల ఫ్యాక్టరీ మూతపడింది.

అది పాతకాలపు వేడి బల్బులు తయారుచేసే ఫ్యాక్టరీ. వాటిని కొనేవాళ్ళు తగ్గిపోయి అప్పటికే చాలా కాలమైంది. అయినా ఏదో ఒక లైను నడుస్తూనే ఉంది కదా అని అందరూ ధీమాగా ఉన్నారు. ఒక సోమవారం పొద్దున పనివాళ్ళు వెళ్ళేసరికి గేటుకు నోటీసు అంటించి ఉంది. ఆ పనివాళ్ళలో ఒకరు పనమ్మ బావగారు, అంటే ఆమె భర్తకు అన్నగారు. ఫ్యాక్టరీలో ఆయన షిఫ్టు మేస్త్రి. ఆయన ఈల వేస్తే లైను ఆగేది, చెయ్యి ఊపితే కదిలేది.

అన్నదమ్ములది ఒకే ఇల్లు. కింది వాటాలో బావగారూ, ఆయన భార్యా ఉంటారు. ఆవిడ పనమ్మకు తోడికోడలు. పనమ్మ ఆవిడను అక్కా అని పిలుస్తుంది. పై వాటాలో పనమ్మా, భర్తా. ఇరువైపుల పిల్లలూ చదువులకీ కాపురాలకీ వెళ్ళిపోయాక, రెండు వాటాల మధ్య మెట్ల మీద టీ గ్లాసులూ కూర గిన్నెలూ మాత్రం ఎక్కుతూ దిగుతూ ఉండేవి.

ఫ్యాక్టరీ మూసిన కొన్నాళ్ళకే ఆ పనివాళ్ళు శిక్షణ కేంద్రానికి రావడం మొదలుపెట్టారు. జుట్టు నెరిసినవాళ్ళు, కళ్ళజోళ్ళు వచ్చినవాళ్ళు. లోపలికి రాకుండా, బడి వదిలే వేళకు పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తండ్రుల్లా గేటు దగ్గరే నిలబడేవారు. పనమ్మే వెళ్ళి ఒక్కొక్కరినీ లోపలికి పిలిచేది. కొందరు కరెంటు పని క్లాసులో చేరారు, కొందరు కంప్యూటరు క్లాసులో. కొడుకు వయసు కుర్రాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు గబగబా నొక్కేస్తుంటే వీళ్ళు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చెమటలు కక్కేవారు. ఓర్చుకుని నేర్చుకున్నా ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి అంతా బెడిసికొట్టేది. షాపువాళ్ళూ కంపెనీలవాళ్ళూ నెరిసిన తలను ఒకసారి చూసి, "కబురు చేస్తాం" అనేవారు. ఆ కబురు ఎప్పటికీ వచ్చేది కాదు.

పైఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు. కుర్చీ అంచున కూర్చుని ఇబ్బందిగా చెప్పాడు.

"మేడమ్, నేర్చుకున్నవాళ్ళలో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందన్నదే మా పైవాళ్ళు చూస్తారు. ఈ పెద్దవయసు వాళ్ళ వల్ల మీ కేంద్రం బాగా వెనకబడిపోయింది. ఇకనుంచి వయసుకి ఒక హద్దు పెట్టేద్దాం అంటున్నారు."

"హద్దు పెడితే వాళ్ళు ఎక్కడికి వెళ్తారు సార్?"

"అది... వేరే పథకాలు ఏవో ఉంటాయి మేడమ్."

"ఉంటే నాకు తెలిసేది కదా. మీరు చెప్పిందాంట్లో తప్పులేదు, ఉద్యోగాలు రావట్లేదు. ఈ ఏడాది ఆఖరిదాకా ఆగండి. అప్పటికీ నావల్ల కాకపోతే హద్దు మీరే పెట్టండి."

ఆమె గొంతు పెంచలేదు. పెంచే అలవాటు లేదు. అధికారి సరేనని టీ తాగి వెళ్ళిపోయాడు. మాటైతే ఇచ్చింది గానీ ఏం చేయాలో ఆమెకు పాలుపోలేదు.

దారి చూపించింది ఇద్దరు ఆడపిల్లలు. రోగుల దగ్గర ఉండే అటెండర్ల కోర్సు కేంద్రంలోనే చేసి ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నారు. పలకరించిపోదామని వచ్చారు. ఒకమ్మాయి నడుముకి బెల్టు కట్టుకుని ఉంది.

"ఏమైందే?"

"మగవాళ్ళ వార్డులో వేశారు మేడమ్. ఒక్కొక్కాయన గున్న ఏనుగులా ఉంటాడు. పక్కకి తిప్పాలంటే మా ఇద్దరి వల్లా కావట్లేదు" అందా పిల్ల.

మర్నాడే పనమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. మగవాళ్ళ వార్డులో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చుంది. పొడుగాటి హాలు. రెండు వైపులా ఇనుప మంచాలు, పైన తిరుగుతున్న ఫ్యాన్లు, ఫినాయిలు వాసన. ఒక లారీ డ్రైవరు, కాలు విరిగి పడుకుని ఉన్నాడు. మనవరాలి వయసు పిల్ల ఒళ్ళు తుడవడానికి గిన్నెలో నీళ్ళు పట్టుకుని వస్తే, దుప్పటి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. "వద్దమ్మా, నువ్వెళ్ళు" అన్నాడు. ఆ పిల్ల బతిమాలింది, కోప్పడింది, చివరికి నీళ్ళు పారబోసి వెళ్ళిపోయింది. అలా ఎన్నాళ్ళనుంచి జరుగుతోందో!

హెడ్ నర్సు గుండ్రటి మనిషి, నోరు పెద్దది. పనమ్మ ఎందుకొచ్చిందో వినగానే ఆమె చేతులు పట్టేసుకుంది.

"మగ అటెండర్లుంటే పంపించండి మేడమ్, మీకు పుణ్యముంటుంది! కుర్రాళ్ళని తీసుకుంటే నెల తిరక్కుండానే పారిపోతున్నారు. ఫోను పట్టుకుని మెట్ల కింద కూర్చుంటారు. నాకు కాస్త వయసొచ్చినవాళ్ళు కావాలి. సంసారం చేసినవాళ్ళు, ఓపిక తెలిసినవాళ్ళు. నెరిసినా ఫరవాలేదు, బట్టతలైనా ఫరవాలేదు!"

తిరిగొచ్చే బస్సులో పనమ్మ కిటికీ పక్కన కూర్చుని తనలో తనే నవ్వుకుంది. పక్కనున్నావిడ అనుమానంగా చూసి కాస్త జరిగి కూర్చుంది.

కానీ ఫ్యాక్టరీ వాళ్ళందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పేసరికి వాళ్ళ మొహాలు మాడిపోయాయి. ఒకాయన లేచి నిలబడి, "మెషిన్లు నడిపిన చేతులు మేడమ్ ఇవి. వీటితో పక్కలెత్తమంటారా? అది ఆడవాళ్ళు చేసే పని" అన్నాడు. ఇంకో ఆయన, "మా ఇంట్లో తెలిస్తే అన్నం పెట్టరు" అన్నాడు. అందరూ నవ్వారు, అది సరదా నవ్వు కాదు. ఒక్కరూ చేరలేదు.

ఆ వారం పనమ్మకు తిండి సహించలేదు. ఆలోచించగా ఆలోచించగా ఆమెకు తన ఇంట్లోనే ఒక మనిషి కనిపించాడు.

అత్తగారు మంచాన పడ్డప్పుడు ఆవిడకు సేవ చేసింది కోడళ్ళిద్దరూ కాదు, పెద్దకొడుకు. పనమ్మ ప్రయత్నించింది, కానీ ఆ వాసనకు నిలబడలేక బయటికి పరిగెత్తేది. అక్కేమో అత్తగారి అవస్థ చూసి కూర్చుని ఏడ్చేది. బావగారు షిఫ్టు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, తల్లిని పసిబిడ్డలా ఒడుపుగా ఎత్తి పక్క మార్చేవారు. వీపుకి పుళ్ళు పడకుండా గంటకోసారి తిప్పేవారు. తల దువ్వుతూ, ఆ రోజు ఫ్యాక్టరీలో ఎవడు ఏ తప్పు చేశాడో పూసగుచ్చినట్టు చెప్పేవారు. వినపడకపోయినా ఆవిడ ఊకొట్టేది. ఆ చేసినదాన్ని ఇంట్లో ఎవరూ పని అనుకోలేదు. ఆయన కూడా అనుకోలేదు.

అయినా బావగారిని అడగడానికి పనమ్మకు నోరు రాలేదు. ఆయనకు ముక్కు మీదే కోపం. ఈ లోపు అక్కే పైకి వచ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"చెల్లీ, నీకు దణ్ణం పెడతాను. మీ బావగారిని ఎక్కడికైనా పంపించు. తోట పనో, తోలు పనో, ఏదైనా సరే. నిన్న వంటింట్లో డబ్బాలన్నీ సైజుల వారీగా సర్దేశారు. జీలకర్ర కోసం పొద్దున్నంతా వెతికాను. అడిగితే, చిన్న డబ్బాలన్నీ ఎడమ లైనులో ఉంటాయి చూసుకో అంటారు! ఇవాళ నేను గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడి, చేతి కదలిక ఎక్కువైందట, సగం శ్రమలో అయిపోతుందట. ఇలాగే ఉంటే నేను పుట్టింటికైనా పోతాను, లేకపోతే ఆయన్నైనా పంపిస్తాను."

పనమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వుతోనే కొంత ధైర్యం వచ్చింది. ఆదివారం పొద్దున కిందికి దిగి, బావగారు పేపరు మడిచి పక్కన పెట్టేదాకా ఆగి, ఉన్నదున్నట్టు చెప్పింది.

బావగారు మడిచిన పేపరు విప్పి మళ్ళీ మడిచారు.

"నన్నా?" అన్నారు చివరికి.

"మిమ్మల్నే బావగారూ. అత్తయ్యకి మీరు చేసింది చూశాను కాబట్టే అడుగుతున్నాను."

"అమ్మకి చేశానంటే ఆవిడ మా అమ్మ కాబట్టి. ఊళ్ళో వాళ్ళందరికీ చేస్తానా? రేపు మా ఫ్యాక్టరీ వాళ్ళు బజార్లో ఎదురుపడితే, మేస్త్రిగారు ఏం చేస్తున్నారంటే ఏం చెప్పమంటావ్? నీకు నీ క్లాసు నిండాలి, అంతే కదమ్మా."

ఆ చివరి మాట ఆమెకు సూదిలా దిగింది. ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. "క్లాసు నిండాలి, నిజమే. కానీ ముందు మీరు గుర్తొచ్చారు" అని మాత్రం అని పైకి వచ్చేసింది.

ఆ రోజునుంచి బావగారు పైకి రావడం మానేశారు. మాటా మంతీ లేదు. పనమ్మ భర్త నోట్లో నాలుక లేని మనిషి. అన్నయ్యకు కోపం, భార్యకు బెంగ. పాపం, ఆయన మెట్లు ఎక్కుతూ దిగుతూ, పైన "అన్నయ్య మంచివాడేలే" అనీ, కింద "అదేం తప్పుగా అనలేదు అన్నయ్యా" అనీ రెండు చోట్లా చీవాట్లు తింటూ గడిపాడు.

కథ మలుపు తిరిగింది బావగారి స్నేహితుడి వల్ల. ఆయనా ఫ్యాక్టరీలో పనిచేసినవాడే, స్టోర్సులో. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. చూసిరావడానికి బావగారు ఆసుపత్రికి వెళ్ళారు. అదే మగవాళ్ళ వార్డు. స్నేహితుడి భార్య ఒంటరిగా భర్తను పక్కకు తిప్పలేక అవస్థపడుతోంది. స్నేహితుడు మాట పడిపోయి కళ్ళతోనే ఏదో చెప్తున్నాడు. బావగారు చొక్కా చేతులు మడిచారు. స్నేహితుడి వీపు కింద చెయ్యి వేసి, మోకాలు వంచి, ఒక్క ఊపున పక్కకు తిప్పి, తలగడ సర్ది, తడిసిన దుప్పటి లాగి కొత్తది వేశారు. వెనకనుంచి హెడ్ నర్సు గొంతు వినిపించింది.

"కొత్తగా వచ్చావా బాబూ? బాగా చేశావ్. ఆ చివరి మంచం ఆయన్ని కూడా చూడు, పొద్దున్నుంచీ అలాగే ఉన్నాడు."

డ్యూటీ చెప్తే చేసేయడం ఒంటికి పట్టిన మనిషి. ఏమీ అనకుండా వెళ్ళి చివరి మంచం ఆయన్ని కూడా చూశారు. అంతా అయ్యాక గానీ, తనను ఏమనుకుని పిలిచిందో ఆయనకు తట్టలేదు. అప్పుడు ఒళ్ళు మండిపోయింది. చెప్పేద్దామని హెడ్ నర్సు కోసం అటూ ఇటూ చూశారు. అంతలో ఆ మంచం మీది ముసలాయన ఆయన మణికట్టు పట్టుకుని, "రేపు కూడా నువ్వే రా నాయనా" అన్నాడు.

ఆ సాయంత్రం బావగారు మెట్లెక్కి పైకి వచ్చారు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ క్లాసు ఎప్పటినుంచి?"

పనమ్మ ఆశ్చర్యం బయటపడనీయకుండా, "సోమవారం నుంచి బావగారూ" అంది.

"కంప్యూటరు ఉండదు కదా?"

"ఉండదు."

"సరే" అని దిగిపోయారు.

మేస్త్రి చేరాడన్న సంగతి ఫ్యాక్టరీ వాళ్ళకు ఎలా పాకిందో ఏమో, సోమవారం పొద్దునకు బెంచీలు సగానికి పైగా నిండాయి. "ఆయనకి లేని సిగ్గు మాకేంటి మేడమ్" అన్నాడు అన్నం పెట్టరన్న మనిషే. పాఠం చెప్పేది ఒక నర్సమ్మ, పాతికేళ్ళ పిల్ల, బక్కపలచగా ఉంటుంది. మొదటి రోజే ఒక చిక్కు వచ్చిపడింది. పనమ్మ అలవాటు ప్రకారం అందరి ముందూ "బావగారూ" అని పిలిచింది. అది విని క్లాసులో అందరూ "బావగారూ" అనడం మొదలుపెట్టారు. నర్సమ్మకు మాత్రం ఎలా పిలవాలో తెలీక మొహం ఎర్రబడింది. బావగారే కలగజేసుకుని, "నువ్వు నన్ను బాబాయ్ అను తల్లీ. బావా గీవా అంటే మీ ఇంట్లో వాళ్ళు నా మీదకి కర్ర తీసుకొస్తారు" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. ఆ నవ్వుతో అక్కడున్న బిగువంతా సడలిపోయింది.

నేర్చుకోవడం మాత్రం ఆయనకు తేలిగ్గా ఏమీ కాలేదు. ఎత్తడం, తిప్పడం వచ్చు. మిగతాదంతా తప్పులతడక. జ్వరం చూసే గాజుగొట్టంలో అంకె కనిపించేది కాదు, అడగడానికి నామోషీ. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆయన నోరు. పని నేర్చుకోవడానికి వార్డుకు పంపితే, అక్కడి రోగుల్ని కూడా షిఫ్టులో పనివాళ్ళనుకునేవారు. "కదలొద్దన్నానా? ఒకసారి చెప్తే అర్థం కాదా?" అని గదిమేవారు. ఒక రోగి భయపడి తిండి మానేశాడు. నర్సమ్మ బెదురుతూ వచ్చి పనమ్మతో చెప్పింది.

ఇంట్లో ఆయన ముందు గట్టిగా మాట్లాడని మనిషి, ఆయన్ని తన గదికి పిలిపించాల్సి వచ్చింది. ఆయన వచ్చి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావగారూ, ఫ్యాక్టరీలో మీరు అరిస్తే పని సాగేది. ఆసుపత్రిలో పడుకున్నవాళ్ళు మీరెంత అరిచినా లేవలేరు. ఇలాగే అయితే సర్టిఫికెట్టు ఇవ్వలేను. మీకే కాదు, ఎవరికైనా అంతే."

ఆయన చెవులు కందిపోయాయి. "ఇదే మాట ఇంట్లో చెప్పచ్చుగా?"

"ఇంట్లో అయితే చెప్పే ధైర్యం నాకు లేదు."

బావగారు ఆమె వైపు ఒకసారి చూశారు. మీసం కింద ఏదో కదిలినట్టనిపించింది. నవ్వో కాదో ఆమెకు తెలియలేదు. మర్నాటినుంచి ఆయన గొంతు తగ్గింది. తిట్టాలనిపించినప్పుడల్లా వరండాలోకి వెళ్ళి, గోడను చూస్తూ ఏదో గొణుక్కుని తిరిగివచ్చేవారని నర్సమ్మ చెప్పింది.

వార్డులో పని నేర్చుకునే రోజుల్లో, చివరి మంచం ముసలాయన బావగారి వంతుకే వచ్చాడు. ఆయన ఒకప్పుడు బడిలో లెక్కల మాస్టారు. వెనకాముందూ ఎవరూ లేరు. బావగారు గడ్డం గీస్తుంటే ఆయన ఎక్కాలు చెప్పించేవాడు, తప్పు చెప్తే గీయనిచ్చేవాడు కాదు. "నా గడ్డం సగంలో ఆగిపోయిందిరా నీ లెక్కల వల్ల" అనేవాడు. ఒక పొద్దున బావగారు వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి పెట్టారు.

ఆ రోజు ఆయన పని పూర్తిచేసుకునే ఇంటికి వచ్చారు. మర్నాడు మాత్రం క్లాసుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పనమ్మ పొద్దున్నే కిందికి దిగింది. బావగారు పెరట్లో కుళాయి పక్క గట్టు మీద కూర్చుని ఉన్నారు. అక్క తలుపు దగ్గర నిలబడి, మాట్లాడమని సైగ చేసి లోపలికి తప్పుకుంది.

పనమ్మ కూడా గట్టు మీద కాస్త ఎడంగా కూర్చుంది.

"ఫ్యాక్టరీలో బల్బు పగిలితే చీపురుతో ఊడ్చేసేవాళ్ళం అమ్మా" అన్నారాయన, ఆమె వైపు చూడకుండా. "ఎన్ని పగిలినా మనసుకేం అనిపించేది కాదు. ఇదేం పని? అలవాటు పడేసరికి మనిషే ఉండడు. ఇలాంటివి ఎన్ని చూడాలి?"

కేంద్రంలో వందలమందికి ధైర్యం చెప్పిన మనిషి, ఇక్కడ ఉన్నమాటే చెప్పింది.

"నాకు తెలీదు బావగారూ. నేను నేర్పించే పనులన్నిట్లో నేను చేయలేని పని ఇదొక్కటే. అత్తయ్య దగ్గరే చేతులెత్తేశాను కదా. మీకు వద్దనిపిస్తే మానేయండి. నేనేమీ అనుకోను, నా క్లాసుకీ నష్టం లేదు. ఇది మాత్రం నిజం చెప్తున్నాను."

కుళాయిలోంచి నీటి బొట్లు బకెట్లో పడుతున్నాయి. బావగారు లేచి కుళాయి బిగించారు. ఆగలేదు. ఇంకాస్త బిగించారు.

"వాషరు పోయింది" అన్నారు. తర్వాత, "ఆయన మంచంలోకి ఎవర్నైనా తెచ్చారేమో" అన్నారు.

"తెచ్చే ఉంటారు."

"ఆ వచ్చినాయన్ని ఎవరు చూస్తున్నారో!"

లోపలినుంచి అక్క గొంతు వినిపించింది. "మీ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. వెళ్తారో, మళ్ళీ నా డబ్బాల మీద పడతారో తేల్చుకోండి."

బావగారు వెళ్ళారు.

ఏడాది ఆఖరుకు పైఆఫీసు అధికారి మళ్ళీ వచ్చాడు. ఫైలు తెరవబోతుంటే పనమ్మ ఆపింది. "ముందు నాతో రండి సార్" అని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వార్డు గుమ్మంలో ఇద్దరూ నిలబడి చూశారు. లేత నీలం చొక్కాల్లో నెరిసిన తలలు మంచాల మధ్య తిరుగుతున్నాయి. ఒకాయన గడ్డం గీస్తున్నాడు. ఇంకో ఆయన కుర్రాడొకణ్ణి చంక కింద పట్టుకుని నడిపిస్తున్నాడు. హెడ్ నర్సు ఎదురొచ్చి, అధికారి ఎవరో తెలుసుకుని, "ఇంకో బ్యాచ్ ఎప్పుడిస్తారు సార్?" అని ఊపిరి సలపనివ్వలేదు. అధికారికి తలుపు పక్కనే ఉన్న మంచం మీద ఒక పెద్దాయన కనిపించాడు. కాసేపు ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. "మా నాన్న పోయినప్పుడు ఇలాంటివాళ్ళు ఎవరూ లేరు మేడమ్" అన్నాడు మెల్లగా.

వయసు హద్దు మాట ఆ ఏడాదికి పక్కన పెట్టారు. పూర్తిగా తీసేశారని కాదు. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతారని పనమ్మకు తెలుసు. చేరినవాళ్ళందరికీ ఉద్యోగాలు వచ్చాయని కూడా కాదు. ఒకాయన ఆ వాసన పడక మానేసి, బస్టాండు దగ్గర టీ కొట్టు పెట్టుకున్నాడు. ఇంకో ఆయన మోకాళ్ళ నొప్పులతో ఆగిపోయాడు. ఆయనకు కూర్చుని చేసే పని ఏదైనా దొరుకుతుందేమోనని ఆమె ఇప్పటికీ అడగని చోటు లేదు. అందరూ మిగతావాళ్ళ గురించి మెచ్చుకుంటుంటే ఆమె మనసు ఈ ఒక్కాయన చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. పని ఇప్పించేవాళ్ళకు ఆ జబ్బు ఉంటుందేమో.

ఇప్పుడు బావగారికి పొద్దుటి డ్యూటీ అయితే ఇద్దరూ ఒకే వేళకు ఇంట్లోంచి బయల్దేరతారు. వీధి మలుపు దాకా ఆయన ముందు, ఆమె వెనక. బస్టాపు వచ్చేసరికి పక్కపక్కన నిలబడతారు.

"ఆ హెడ్ నర్సుకి నేనంటే గిట్టదమ్మా. నిన్న దుప్పటి మడత సరిగ్గా లేదని మూడుసార్లు విప్పించింది."

"మీరు ఎవరితోనూ అలా చేయించలేదా బావగారూ, ఫ్యాక్టరీలో?"

"చేయించాననుకో. కానీ నేను చెప్పేటప్పుడు ఒక పద్ధతి ఉండేది."

పనమ్మ నవ్వు దాచుకోవడానికి రోడ్డువైపు తిరిగింది. ఒక పాలవ్యాను వెళ్ళింది. బడికెళ్ళే పిల్లలు వెళ్ళారు.

"అన్నట్టు మా ప్యాకింగు సెక్షను ఆయన ఒకడున్నాడు" అన్నారు బావగారు. "ఇంట్లోనే ముడుచుకుని కూర్చుంటున్నాడట, ఎవరితోనూ మాట్లాడడట. నీ కొత్త బ్యాచ్ ఎప్పుడు?"

"వచ్చే నెల. రమ్మనండి."

"పిలిస్తే రాడు. నేనే వెళ్ళి తీసుకొస్తా. కాకపోతే వాడికి నోరెక్కువ, నువ్వు కాస్త చూసుకోవాలి."

"చూసుకుంటాను బావగారూ. నాకు అలవాటే" అంది పనమ్మ.

బస్సు వచ్చింది. జనం కిటకిటలాడుతున్నారు. ఆయన వెనక తలుపు దగ్గర, ఆమె ముందు తలుపు దగ్గర ఎక్కారు.